దొంగ వేషం వేసిన యజమాని

బెంగళూరు చరిత్ర అనగానే మనకు కెంపేగౌడ కోట, టిప్పు మహలు, కబ్బన్ తోట గుర్తుకొస్తాయి. అదంతా పగటి చరిత్ర. కొట్లు మూసి, రాత్రి భోజనాలు ముగించి ఈ ఊరి జనం ఎక్కడికి వెళ్ళేవారు, ఏం చూసి నవ్వేవారు అన్నదానికీ ఒక చరిత్ర ఉంది. నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను, బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కాబట్టి పెట్టుబడి ఎవరిది, గిరాకీ ఎవరిది అన్న దారిలోనే ఈ కథ చెబుతాను.

రాత్రి వినోదానికి మొదటి పెట్టుబడి వెలుతురు. శివనసముద్రం జలపాతం కరెంటు 1902లో మొదట కోలారు బంగారు గనులకు వెళ్ళింది. ఆ గనుల్లో మనవాళ్ళు ఎందరో పనిచేశారు. 1905 ఆగస్టులో అదే కరెంటుతో బెంగళూరు వీధి దీపాలు వెలిగాయి. అప్పటికి ఈ ఊరు రెండు ఊళ్ళు. దండులో దొరల క్లబ్బులు, బ్యాండు మేళాలు. పేటలో నాటకాలు. దొరల క్లబ్బుకు సభ్యత్వం కావాలి, నాటకానికి టిక్కెట్టు చాలు. అందుకే సామాన్యుడి రాత్రి నాటకం చుట్టూ తిరిగింది.

ఆ రాత్రులను ఏలినవాడు ఒక హాస్యగాడు, గుబ్బి వీరణ్ణ. తుమకూరు దగ్గరి గుబ్బిలో 1884లో పుట్టిన నాటక కంపెనీలో ఆయన పసివాడుగా చేరారు. 1917లో దానికి యజమాని అయ్యారు. యజమాని అయినవాడు రాజు వేషం వేసుకోవచ్చు, అడ్డు చెప్పేవారెవరు? కానీ 'సదారమె' నాటకంలో ఆయనకు పేరు తెచ్చిన వేషం దొంగది. నాయికను ఎత్తుకుపోవాలని చూసి, ఆమె తెలివికి తానే బోల్తాపడే దొంగ. 1935లో ఆ నాటకం సినిమాగా వచ్చినప్పుడు అందులోనూ నటించారు.

కంపెనీ నాటకంలో హాస్యగాడి పని ఏమిటో కాస్త చెప్పాలి. ఒక రంగం ముగిసి, వెనుక అంతఃపురం తీసి అడవి పెట్టేదాకా ముందు తెర దించేవారు. ఆ కాసేపు జనాన్ని కూర్చోబెట్టే బాధ్యత హాస్యగాడిది. రాజు, రాణి రాసిచ్చిన గ్రాంథికమే పలకాలి. హాస్యగాడికి ఆ కట్టుబాటు లేదు. ఆ ఊరి సంత, ఆ నెల ధరలు, ముందు వరసలో కునికే పెద్దమనిషి, ఏదైనా ఆయన మాటల్లోకి వచ్చేది. వాడేది వీధి భాష.

మనకు సంబంధించిన సంగతి ఇక్కడే ఉంది. మా తాతగారు చిక్కపేటలో ఒక జవళి కొట్టులో లెక్కలు రాసేవారు. ఆయన కన్నడం బేరసారాల వరకే. నాటకంలో రాజు మాట సగం అర్థమయ్యేది కాదట, దొంగ మాట మాత్రం పొల్లుపోకుండా అర్థమయ్యేదట. మరుసటి రోజు ఇంట్లో ఆ మాటలు కన్నడంలోనే చెప్పి, తెలుగులో విడమరిచేవారట. మా ఇంట్లోకి కన్నడం అలా వచ్చింది. బడి కంటే ముందు నవ్వు నేర్పింది. పేటలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో ఉంటాయని నా నమ్మకం.

ఇక లెక్కల సంగతి. బట్టల వ్యాపారి ఈరోజు అమ్ముడుపోని చీర రేపు అమ్ముకుంటాడు. ఈ రాత్రి ఖాళీగా ఉన్న కుర్చీని రేపు అమ్మలేం. జనం వచ్చినా రాకున్నా కంపెనీలో అందరికీ అన్నం పెట్టాల్సిందే. అందుకని జనం అభిరుచి వీరణ్ణకు వేడుక కాదు, బతుకు. 'కురుక్షేత్ర'కు నిజమైన ఏనుగుల్ని, గుర్రాల్ని రంగస్థలం మీదికి తెచ్చారు. స్త్రీ పాత్రలు స్త్రీలకే ఇచ్చారు. కన్నడంతోపాటు తెలుగు, తమిళంలోనూ ఆడించారు. తెర ముందు నిలబడి జనం నవ్వును రోజూ కొలిచినవాడికి జనం ఏ భాషలో ఉన్నారో చెప్పనక్కరలేదు. తన ఆత్మకథకు ఆయన పెట్టుకున్న పేరు 'కలెయే కాయక', అంటే కళే కాయకష్టం. 1972లో పద్మశ్రీ అందుకుని, ఆ ఏడే కన్నుమూశారు.

సినిమా వచ్చినప్పుడూ ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు. మొదట విడుదలైన కన్నడ టాకీ 'సతీ సులోచన' 1934 మార్చి 3న సిటీ మార్కెట్ దగ్గరి పారమౌంట్‌లో ఆడింది. దాని దర్శకుడు వై.వి.రావు మన నెల్లూరువాడు. వీరణ్ణ కంపెనీలో ఎదిగిన రాజ్‌కుమార్ 1954లో 'బేడర కన్నప్ప'తో కథానాయకుడయ్యారు. ఆ కన్నప్ప మన శ్రీకాళహస్తి బోయవాడే. అదే ఏడు ఆ కథ తెలుగులో 'కాళహస్తి మహాత్యం'గా వచ్చింది, అందులోనూ కన్నప్ప రాజ్‌కుమారే.

వీరణ్ణ తర్వాత ఈ ఊరి రాత్రులను నవ్వించిన మరో నటుడు మాస్టర్ హిరణ్ణయ్య. 1959లో మొదలైన ఆయన 'లంచావతార' వేల ప్రదర్శనలు ఆడింది. నాటకం మధ్యలో ఆగి ఆనాటి మంత్రుల మీద, అధికారుల మీద విసుర్లు విసిరేవారు. లంచం పుచ్చుకునేవాడూ ఇచ్చేవాడూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని నవ్వగలిగేది అలాంటి చోటే. ఆయన 2019లో పోయారు.

ఇప్పుడు మెజెస్టిక్‌లో సాగర్, కపాలి వంటి సినిమా హాళ్ళు పోయి వ్యాపార భవనాలు వచ్చాయి. రాత్రిపూట పబ్బుల్లో, కెఫేల్లో మైకు పట్టుకుని ఒక్కరే నిలబడి నవ్విస్తున్నారు. ఇంగ్లీషు, హిందీ, కన్నడం ఒకే మాటలో కలిపేస్తున్నారని కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ పిల్లలు తెర ముందరి హాస్యగాడి వారసుల్లాగే కనిపిస్తారు.

నా బాధ వేరు. మన సంఘాల ఉగాదికి హైదరాబాదు నుంచి మిమిక్రీ కళాకారుణ్ణి పిలిపిస్తాం. ఆయన అక్కడి నాయకుల గొంతులు అనుకరిస్తాడు, మనం చప్పట్లు కొడతాం. మన సిల్క్ బోర్డు ట్రాఫిక్కు, మన కావేరీ నీటి ట్యాంకరు, ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడం మాట్లాడే మన పిల్లల అవస్థ ఆయనకు తెలియవు. వాటి మీద తెలుగులో నవ్వించేవాడు మన మధ్యలోంచే రావాలి. అలాంటి కుర్రాడు ఏ కెఫేలోనో తడబడుతూ మైకు పట్టుకుని ఉండవచ్చు. వచ్చే ఉగాదికి ఆ అరగంట అతనికిచ్చి చూద్దాం. ఖర్చూ తక్కువే.