తమిళదేశంలో తెలుగు కృతి: చెవి, లిపి, ఉచ్చారణ

సంగీతంలో ఆరితేరిన చెవి పరభాషాధ్వనులను కూడ సులువుగా పట్టుకొంటుందన్న అభిప్రాయం తరచు వినవస్తుంది. దానిని పరిశీలించడానికి తమిళదేశంలో తెలుగు కృతి చరిత్ర తగిన ఆధారం.

త్యాగరాజు (1767–1847) తిరువయ్యారులో రచించిన కృతులను తమిళం మాతృభాషగా గల గాయకులు తరతరాలుగా గురుముఖతః నేర్చుకొన్నారు. తమిళంలో కకార గకారాల తేడా అర్థభేదకం కాదు. రెంటికీ అక్షరం ఒకటే. 'గుడి', 'కుడి' ఆ లిపిలో ఒకే రూపు దాలుస్తాయి. గాయకుడు గకారాన్ని కకారంగా పలికితే శ్రుతి చెడదు, తాళం తప్పదు. ప్రాస అయినా హెచ్చరించదు. తమిళ ఛందస్సులోని ద్వితీయాక్షరమైత్రికి, అనగా ఎతుగైకి, ఆ రెండూ ఒకటే. కనుక సంగీతశిక్షణ ఎంత కఠినమైనా ఈ భేదాన్ని తనంత తాను నేర్పజాలదు.

అందుకే కాబోలు, తమిళలిపిలో అచ్చయిన కృతిసంపుటాలు అక్షరం సరసన 2, 3, 4 అంకెలు వేసి ఖ, గ, ఘలను సూచించాయి. 1904లో ఎట్టయాపురంలో వెలువడిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' ఏకంగా తెలుగులిపినే ఎంచుకొన్నది.

మరి చక్కగా పలికినవారి మాట? వారిలో పలువురికి సంస్కృతపఠనం ఉన్నది. గ్రంథలిపిలో ఆ నాలుగు వర్ణాలూ వేరువేరే. ఆ ఘనతను సంగీతానికే కట్టబెట్టడం తొందరపాటు. ఈ చిక్కు విడదీయాలంటే వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబం వైపు చూడాలి. వేదాధ్యయనానికి వెలుపల నిలిచిన ఆ స్త్రీలు క్షేత్రయ్య పదాలను వంశపారంపర్యంగా కాపాడినారు. ధనమ్మాళ్ మనుమరాండ్రు బృంద, ముక్తల రికార్డులలో పదాదిని వచ్చే గ, ద, బలను ఒక్కొక్కటిగా విని లెక్కించవలసి ఉన్నది.