పండుగకొస్తనన్న మాట

మంట దగ్గరికి జరుగు బిడ్డా. ఆ సెల్లు పక్కకు పెట్టు, దానికీ కొంచెం నిద్ర కావాలె.

మన కరణ్‌కోటల సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ ఇంకా లేని రోజులవి. తాండూరు హోటల్ల ఛాయ్ చారాణ. అందులనే సగం సాసర్ల పోసి పక్కోనికిచ్చే మర్యాద ఉండె. ఇప్పుడో... సరే, ఛాయ్ సంగతి ఇంకోనాడు.

మా దూరపు చుట్టం ఒకడుండె, పేరెందుకులే. వానికి ఆరేండ్లప్పుడు నాయిన నాపరాళ్ల గనుల కూలి చాలక బొంబాయి రైలెక్కిండు. “పండుగకొస్త, బూట్లు తెస్త” అన్నడు. పండుగలు పోయినయి గాని నాయిన రాలె. ఎప్పుడొస్తడని అడిగితే తల్లి “రేపు” అనేది. ఆ రేపు రానే లేదు.

పెద్దయినంక పెండ్లయింది. పెండ్లాం బంగారం. ఆమె అంగడికి పోయి గడియ ఆలస్యమైతే చాలు, వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి చూసేటోడు. ఒకనాడు కందుల మూట గుమ్మరించి ఎవరిదో ఉత్తరం కోసం వెదికె. ఆమెకు అక్షరం ముక్క రాదు! అనుమానం పెనుభూతమని ఊరంతా నవ్వింది, నేనూ నవ్విన.

ఆఖరికి వాడే వేరే గడప తొక్కిండు. నిలదీస్తే ఏమన్నడో తెలుసా? “ఎట్లయినా నన్ను విడిచిపోతది గద, ముందు నేనే పోతి.”

మొక్కై వంగనిది మానై వంగునా అంటరు. మొక్కప్పుడే వంకరపోయిన దాని సంగతి ఎవరన్న చెప్తరా? బౌల్బీ అనే ఇంగ్లండు డాక్టరు 1951లనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు రాసిచ్చిండట, పసితనంల నిలకడైన ప్రేమ లేకుంటే మనసెట్ల దెబ్బతింటదో. ఆ పసినాటి ముడే ఆలుమగల ప్రేమలనూ కనబడతదని 1987ల హజాన్, షేవర్ అనేటోళ్లు చెప్పిన్రట. మా మనుమరాలు చదివి చెప్పింది.

అట్లని తప్పు ఒప్పయితదా? వాని చెల్లె కూడ ఆ నాయిన బిడ్డనే. ఆమె కాపురం కడిగిన ముత్యం.

పెండ్లాం రెండు నెలలు పుట్టింట్ల కూసున్నది. తిరిగొచ్చి ఒకటే షరతు పెట్టింది: చెప్పి పోవాలె, చెప్పిన యాళ్లకు రావాలె, ఇద్దరికీ అదే లెక్క. నాలుగు గంటల బస్సుకొస్తనంటే ఆమె నాలుగు గంటల బస్సే దిగేది. వాడు బస్సులెక్కి చూసుడు మానేసరికి ఏండ్లు పట్టింది.

తెల్లారి నువ్వు పట్నం పోతవు గద. నీ కొడుకు నిద్రల ఉండంగ దొంగలెక్క దాటిపోకు. లేపి చెప్పు. ఆదివారం వస్తనంటే ఆదివారమే రా.