మధ్యశ్రేణి డిజిటల్ మల్టీమీటరు ఎంపిక: గుంటూరు ప్రాంత అవసరాలు

వోల్టేజి, కరెంటు, నిరోధం, కెపాసిటెన్సు వంటివి కొలిచి అంకెల్లో చూపించే చేతి పరికరం డిజిటల్ మల్టీమీటరు. కొన్ని వందల రూపాయలకు దొరికే డీటీ-830 తరహా మీటర్లకూ, పరిశ్రమల్లో వాడే ఖరీదైన మీటర్లకూ నడుమ ఉన్నవాటిని మధ్యశ్రేణి అంటారు. మన మార్కెట్లో వీటి ధర సుమారు ₹2,000 నుంచి ₹8,000 దాకా ఉంటుంది. వీటిలో చాలావరకు 6,000 కౌంట్ల (కొలతను 6,000 మెట్లలో చూపే) తెర, రేంజిని తానే ఎంచుకునే ఆటో రేంజి, ట్రూ ఆర్‌ఎంఎస్, కెపాసిటరు కొలత కనిపిస్తాయి.

ఎలక్ట్రానిక్స్‌ను హాబీగా చేసేవారికి ఇంత చాలు. కానీ గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల మిర్చి, పత్తి ఊళ్ళలో మీటరు బల్ల మీదే ఉండిపోదు. 5 వోల్టుల సర్క్యూటు కట్టుకునే కుర్రాడినే బోరు మోటారు ఆగినప్పుడు పొలానికి పిలుస్తారు. డిప్లొమా, ఇంజినీరింగ్ విద్యార్థులు నేల తేమను చూసి మోటారు వేసే ప్రాజెక్టు చేసినా, చివరికి దాని తీగ చేరేది మూడు ఫేజుల స్టార్టరు డబ్బాలోకే. అందుకే ఇక్కడ మీటరు కొనేవారు తెర మీద ఎన్ని అంకెలు వస్తాయన్నది తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది ప్రోబులు గుచ్చే రంధ్రాల పక్కన ముద్రించిన క్యాట్ సంఖ్యను.

ఐఈసీ 61010 ప్రమాణం కొలిచే చోట్లను వర్గాలుగా విడదీసింది. గోడ సాకెట్‌కు తగిలించే ఉపకరణాలు క్యాట్ 2. భవనంలోని స్థిరమైన వైరింగు, డిస్ట్రిబ్యూషన్ బోర్డు క్యాట్ 3. స్తంభం నుంచి దిగే సర్వీసు వైరు, ఇంటి కరెంటు మీటరు క్యాట్ 4. ఆరుబయట బావి పంపుకు వెళ్ళే లైనును కూడా ఈ చివరి వర్గంలోనే చేరుస్తారు. ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరయ్యేకొద్దీ షార్టు అయినప్పుడు పారే కరెంటు పెరుగుతుంది. పిడుగుల వల్ల, స్విచ్చింగు వల్ల పుట్టే క్షణికమైన అధిక వోల్టేజి కూడా అక్కడే ఎక్కువ. ఆ క్షణంలో మీటరు లోపల ఆర్కు లేస్తే, దాని వెనకే లైను కరెంటు దూసుకొచ్చి మీటరు చేతిలోనే పేలవచ్చు. 600 వోల్టుల క్యాట్ 3 మీటరు 6,000 వోల్టుల తాకిడిని, 600 వోల్టుల క్యాట్ 4 మీటరు 8,000 వోల్టుల తాకిడిని తట్టుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 1,000 వోల్టుల క్యాట్ 2 అని రాసి ఉంటే, 600 వోల్టుల క్యాట్ 3 కంటే గట్టిదని అనిపిస్తుంది. రెండింటినీ పరీక్షించేది 6,000 వోల్టుల తాకిడితోనే. అయితే క్యాట్ 2 పరీక్షలో మూలం నిరోధం 12 ఓమ్‌లు, క్యాట్ 3 పరీక్షలో 2 ఓమ్‌లే. అంటే క్యాట్ 3 మీటరు మీదికి ఆరు రెట్ల కరెంటు వస్తుంది. స్టార్టరు డబ్బా తెరిచే ఉద్దేశం ఉన్నవారు 600 వోల్టుల క్యాట్ 4 ఉన్న మీటరే కొనాలి. ప్రోబుల మీద కూడా అదే స్థాయి ముద్ర ఉండాలి. ముద్రను ఎవరైనా వేయగలరు కాబట్టి టీయూవీ, యూఎల్ వంటి బయటి పరీక్షా సంస్థల గుర్తు ఉందేమో చూడటం మంచిది. సీఈ గుర్తు తయారీదారు తనంతట తాను చేసుకునే ప్రకటన.

ఫ్యూజు కూడా ఇంతే ముఖ్యం. చవక మీటర్లలో 10 ఆంపియర్ల రంధ్రానికి అసలు ఫ్యూజే ఉండదు. కొన్నిటిలో 250 వోల్టుల గాజు ఫ్యూజు ఉంటుంది. ప్రోబు కరెంటు రంధ్రంలో ఉండగానే మరిచిపోయి ఫేజుల మధ్య పెడితే 415 వోల్టులు నేరుగా షార్టవుతాయి. అప్పుడు ఆదుకునేది భారీ షార్టు కరెంటును తెంపగల, ఇసుక నింపిన సెరామిక్ హెచ్‌ఆర్‌సీ ఫ్యూజు ఒక్కటే. కొనే ముందే ఆ ఫ్యూజు విడిగా దొరుకుతుందో లేదో కనుక్కోవాలి. ఫ్లూక్ కంపెనీ 101 మీటరులో కరెంటు కొలిచే ఏర్పాటే లేదు కాబట్టి ఆ ప్రమాదమూ లేదు, కానీ సర్క్యూట్లు కట్టేవారికి మిల్లీ ఆంపియర్లు కొలవకుండా పని జరగదు.

ఖచ్చితత్వాన్ని శాతంతోనూ చివరి అంకెల సంఖ్యతోనూ కలిపి చెబుతారు. 6,000 కౌంట్ల మీటరు 5 వోల్టులను 6 వోల్టుల రేంజిలో, మిల్లీవోల్టు వరకు చూపుతుంది. ఖచ్చితత్వం 0.5 శాతం, 3 అంకెలు అయితే పొరపాటు గరిష్ఠంగా 28 మిల్లీవోల్టులు. 2,000 కౌంట్ల మీటరు అదే వోల్టేజికి 20 వోల్టుల రేంజికి పోవాలి. అక్కడ ఒక్కో అంకె విలువే 10 మిల్లీవోల్టులు.

ఈ లెక్కలన్నీ సాధారణంగా 18 నుంచి 28 డిగ్రీల వరకే వర్తిస్తాయి. ఆ హద్దు దాటితే డిగ్రీకి పదో వంతు చొప్పున పొరపాటు పెరుగుతుందని చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి. మండే ఎండలకు పేరుపడిన రెంటచింతల వైపు మే నెలలో 42 డిగ్రీల గదిలో కొలిస్తే, హద్దుకు 14 డిగ్రీలు పైన ఉన్నట్టు. అంటే 0.5 శాతం మీటరు 1.2 శాతం మీటరవుతుంది. ఇక్కడి వాడకందారు మాన్యువల్‌లో ముందుగా వెతకాల్సిన వాక్యం అదే. ఎండలో బండి డిక్కీలో మీటరు వదిలేయడం మరీ చేటు.

ట్రూ ఆర్‌ఎంఎస్ లేని మీటరు కరెంటు సైన్ తరంగంలా ఉందనుకుని లెక్క కడుతుంది. 230 వోల్టుల స్వచ్ఛమైన చతురస్ర తరంగాన్ని అది దాదాపు 255గా చూపిస్తుంది. ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటరు, చవక ఇన్వర్టరు దగ్గర ఈ తేడా ముంచుతుంది. పొలాల్లో మరో చిక్కు, తెగిన ఫేజు. మల్టీమీటరు నిరోధం 10 మెగాఓమ్‌లు కాబట్టి, పక్క తీగల నుంచి అంటుకొచ్చే వోల్టేజిని కూడా చూపి ఫేజు ఉందేమోనన్న భ్రమ కలిగిస్తుంది. కొన్ని కిలోఓమ్‌ల నిరోధంతో కొలిచే లో-జెడ్ మోడు ఉంటే ఆ దొంగ వోల్టేజి పడిపోతుంది. ఈ ధరలో అది ఉన్న మీటరు దొరికితే వదలకూడదు.

పంటను కాపాడే సోలారు కంచె మీద మాత్రం ఏ మల్టీమీటరూ పెట్టకూడదు. దానిలో వేల వోల్టుల పల్సులు ఉంటాయి. వాటికి వేరే టెస్టరు ఉంది.

రోజువారీ మరమ్మతుల్లో కండెన్సరు (కెపాసిటరు) కొలత బాగా అక్కరకొస్తుంది. సీలింగు ఫ్యాన్లలో ఎక్కువగా కనిపించేది 2.5 మైక్రోఫారడ్‌ల కండెన్సరు. అది బాగా తగ్గితే ఫ్యాను నీరసంగా తిరుగుతుంది. కొలిచే ముందు దాన్ని రెసిస్టరుతో డిశ్చార్జి చేయాలి. డయోడు మోడులో మీటరు ఇచ్చే వోల్టేజి 2 వోల్టులే అయితే దాదాపు 3 వోల్టులు కావాల్సిన తెల్ల ఎల్‌ఈడీ వెలగదు. బల్బులు బాగుచేసేవారు ఇది అడిగి తెలుసుకోవాలి. తీగ తెగలేదని చెప్పే బీపు ఆలస్యం లేకుండా మోగాలి. బ్లూటూత్, ఉష్ణోగ్రత ప్రోబు ఉంటే సరే, లేకున్నా లోటు లేదు.

చేతి మీటరు వయసు వందేళ్ళు. బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీరు డొనాల్డ్ మకాడీ ఆలోచన నుంచి పుట్టిన ఏవో మీటరు 1923లో మార్కెట్లోకి వచ్చింది. 1977 నాటి ఫ్లూక్ 8020ఏ డిజిటల్ మీటరును చేతి సంచిలోకి తెచ్చింది. మన దేశంలో నాసిక్‌కు చెందిన మోట్వానే, రిషభ్, ముంబయికి చెందిన మెకో మల్టీమీటర్లు తయారుచేస్తున్నాయి. చైనా సంస్థ యూని-టీ మీటర్లు ఆన్‌లైన్లో సులభంగా దొరుకుతాయి.

కొన్నాక మీటరు సరిగా చూపుతోందో లేదో ఏడాదికోసారి చూసుకోవడానికి ఏడీ584 చిప్పుతో చేసిన చిన్న రిఫరెన్సు బోర్డు చాలు, 2.5, 5, 7.5, 10 వోల్టులను ఇస్తుంది. ధ్రువపత్రం కావాలంటే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి. పొలంలో మాత్రం ప్రతిసారీ చేయాల్సిన పరీక్ష వేరు: ముందు కరెంటు ఉందని తెలిసిన చోట కొలిచి, తర్వాత పని చేయాల్సిన తీగను కొలిచి, మళ్ళీ మొదటి చోటనే కొలవాలి. మధ్యలో సున్నా వచ్చింది తీగలో కరెంటు లేకనే గాని, ప్రోబు తెగి కాదని తేలేది మూడో కొలతతోనే.