మాడ్రన్ ఊట, దాని మొక్కులు

ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్‌లోని పెన్‌జాన్స్ రేవు పట్టణానికి ఎగువన మాడ్రన్ అనే చిన్న గ్రామం ఉంది. పట్టణం ఎంత పెరిగినా మతపరంగా దానికి తల్లి చర్చి మాత్రం చాలాకాలం మాడ్రన్ చర్చే. ఆ ఊరికి సుమారు మైలు దూరాన, పొలాల నడుమ పల్లపు నేలలో పుట్టే నీటిని పరిసర గ్రామాలవారు తరతరాలుగా పవిత్రమని నమ్ముతూ వచ్చారు. ఇంగ్లిష్ వారు ‘హోలీ వెల్’ అని పిలిచే ఇటువంటి తీర్థాలన్నీ ఒర కట్టిన బావులు కావు. చాలాచోట్ల అవి నేలలోంచి ఉబికే ఊటలు మాత్రమే. మాడ్రన్ తీర్థానికి పేరిచ్చిన సెయింట్ మాడర్న్ అనే సాధువుకు నమ్మదగిన జీవితచరిత్ర ఏదీ లేకపోయినా, ఆ పేరు ఊరినీ చర్చినీ ఊటనూ ఒక్కటిగా పట్టి ఉంచింది.

తీర్థానికి వెళ్లే బాట ముళ్లపొదల మధ్యగా, ఎప్పుడూ తడిగా ఉండే నేల మీదుగా సాగుతుంది. దారిలో ఒకచోట కొమ్మల నిండా రంగురంగుల గుడ్డ పీలికలు వేలాడుతూ కనిపిస్తాయి కనుక, వచ్చినవారిలో చాలామంది అక్కడి నీళ్లనే ఊట అనుకొని మొక్కు తీర్చుకుంటారు. అసలు ఊట మాత్రం బాటకు దూరంగా బురదనేలలో ఉండి, మోకాళ్ల దాకా బూట్లు వేసుకున్నవారికి తప్ప అందదు. బాట చివర పైకప్పు లేని చిన్న ప్రార్థనామందిరం ఉంది. నల్లరాతి గోడల వెంబడి కూర్చోవడానికి రాతి అరుగులు, తూర్పున నడిమి భాగాన చతురస్రంగా తొలిచిన గుంట గల బలిపీఠపు రాయి, నైరుతి మూలన బయటి కాలువ నుంచి నీరు వచ్చి చేరే చిన్న తొట్టి నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

రోమన్ చర్చితో తెగతెంపులు చేసుకున్న ఎనిమిదో హెన్రీ ప్రభుత్వం 1538లో తీర్థయాత్రలను తప్పుపడుతూ ఉత్తర్వులు ఇచ్చింది. అయినా ఆ తరవాత వంద సంవత్సరాలకు ఇక్కడ జరిగిన ఒక స్వస్థతను నిజమని ధ్రువీకరించినవాడు సంస్కరించిన చర్చికి చెందిన బిషప్పే కావడం ఈ స్థలచరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం. జాన్ ట్రెలిల్ అనే అతను 12 ఏళ్ల వయసులో ఆటలో దెబ్బ తగిలి, కాళ్ల నరాలు ముడుచుకుపోయి, 16 సంవత్సరాలు చేతుల మీద పాకుతూ బతికాడు. కలలో అందిన ఆదేశం ప్రకారం ఈ నీటిలో స్నానం చేసి, మందిరంలో నిద్రచేసి, చివరకు లేచి నడిచాడు. ఎక్సెటర్ బిషప్ జోసఫ్ హాల్ 1640 ప్రాంతంలో తన పర్యటనలో ఈ సంగతిని స్వయంగా విచారించి, ఇందులో మోసం గాని కుమ్మక్కు గాని కనబడలేదని రాశారు. స్వస్థుడైన ట్రెలిల్ తరవాత రాజు సైన్యంలో చేరి, 1644లో లైమ్ పట్టణం దగ్గర జరిగిన పోరులో మరణించాడు. రాజుకూ పార్లమెంటుకూ మధ్య సాగిన ఆ అంతర్యుద్ధ కాలంలోనే పార్లమెంటు పక్షపు మేజర్ సీలీ ఈ మందిరాన్ని పాడుచేయించాడని స్థానికుల కథనం.

కప్పు పోయినా రాకపోకలు ఆగలేదు. కార్న్‌వాల్ ప్రకృతి చరిత్రను 1758లో ప్రచురించిన మతాధికారి విలియం బోర్లేస్, జనం నీళ్లలో గుండుసూదులు, గులకరాళ్లు వేసి, పైకి లేచే బుడగలను బట్టి తమ సందేహాలకు జవాబు వెతుక్కోవడాన్ని మూఢనమ్మకంగా నిరసించారు. అలా నిరసించిన ఆచారమే 19వ శతాబ్దపు జానపద సేకర్తల కాలానికి మే నెల వేడుకగా స్థిరపడి కనిపిస్తుంది: పెళ్లీడు ఆడపిల్లలు రెండు గడ్డిపోచలను అడ్డంగా పెట్టి, గుండుసూదితో గుచ్చి నీటిలో వదిలి, ఎన్ని బుడగలు వస్తే అన్నేళ్లకు పెళ్లని లెక్కించేవారు, జబ్బుపడిన పిల్లలను తల్లులు మాటామంతీ లేకుండా మూడుసార్లు ముంచి, ఊట చుట్టూ తొమ్మిదిసార్లు తిప్పి, వాళ్ల బట్టల్లోంచి చింపిన పీలికను అక్కడి పొదకు కట్టేవారు. యాత్రలను ఖండించే ప్రొటెస్టెంట్ సంప్రదాయం నుంచే వచ్చిన మెథడిస్టులు సైతం ఆ శిథిల గోడల మధ్య ప్రార్థన సభలు జరిపారు.

పీలికలు కట్టడం తెలుగునాట చెట్టుకు ముడుపు కట్టడాన్ని పోలినట్టున్నా, రెండింటి అంతరార్థం వేరు. ముడుపు కోరిక తీరేదాకా పదిలంగా ఉండాలి. ఇక్కడి పీలిక మాత్రం ఎండకూ వానకూ చివికి నశించాలి, ఎందుకంటే గుడ్డతోపాటు రోగమూ క్షీణిస్తుందన్నది నమ్మకం. నూలు, నార, ఉన్ని గుడ్డలున్న రోజుల్లో చెట్టు తనంతట తానే శుభ్రపడేది. ఇప్పటి సందర్శకులు కట్టే నైలాను రిబ్బన్లు, ప్లాస్టిక్ వస్తువులు ఏళ్లతరబడి పాడుకాక, పెరిగే కొమ్మలను కోసుకుపోతున్నందున, ప్రాచీన స్థలాలను చూసుకునే స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని ఏరివేయవలసి వస్తోంది. రాజాజ్ఞకు, సైనికులకు, పండితుల నిరసనకు తట్టుకున్న ఈ ఆచారానికి నేడు భక్తులే భారమయ్యారు. అయితే ఆ భారం తగ్గడానికి కొత్త నిబంధన ఏదీ అక్కరలేదు, కట్టినది కుళ్లిపోయేదై ఉండాలన్న పాత నియమాన్ని పాటిస్తే చాలు.