నేలలోని నాణెము – యంత్రపు సాక్ష్యము



పాడుబడిన కోటగోడల చెంతనో, ఊరి వెలుపలి దిబ్బల మీదనో నిక్షేపము కలదను మాట మన పల్లెలలో ఎల్లప్పుడును వినవచ్చుచునే యుండును. అంజనము వేసి భూమిలోని ధనమును చూపెదమను వారును, వారిని నమ్మి ఉన్నది పోగొట్టుకొన్న వారును మీరెరుగని వారు కారు. పాశ్చాత్య దేశములలో నాణెములను వెదకువారు ఇప్పుడు ఒక యంత్రమును చేతబట్టి పొలముల వెంట తిరుగుచున్నారు. దానిని లోహశోధక యంత్రమందురు. అది శాస్త్రమువలన పుట్టినదే. అయినను దాని మాటకు తప్పుగా అర్థము చెప్పుకొన్నవాడు అంజనమును నమ్మినవాని కంటె మేలు పొందడు. ఆ యంత్రము పుట్టిన కథయు, దాని సాక్ష్యమును తూచు పద్ధతియు నేడు మనవి చేసెదను.

1881వ సంవత్సరము జూలై 2వ తేదీన అమెరికా దేశాధ్యక్షుడైన జేమ్సు గార్ఫీల్డును వాషింగ్టను నగరపు రైల్వేస్టేషనులో ఒక దుండగీడు కాల్చెను. గుండు దేహములో ఎచ్చట దాగినదో వైద్యులకు తెలియలేదు. టెలిఫోనును నిర్మించిన అలెగ్జాండరు గ్రాహాం బెల్ తీగచుట్టలతో ఒక సాధనమును సిద్ధపరచి తెచ్చెను. లోహము సమీపించినపుడు దానిలో ధ్వని వినబడును. రెండు దినములు పరీక్షించిరి. ధ్వని వినబడెను గాని ఒక్క చోట గాక విశాలమైన ప్రదేశమంతటను వినబడెను. రోగి పరుపులో ఉక్కుతీగల అల్లిక యున్నదని పిమ్మట తెలిసినది. అంతేకాక, గుండు కుడివైపున నున్నదని ముందే నిశ్చయించుకొన్న ప్రధాన వైద్యుడు ఆ వైపుననే వెదకనిచ్చెను. సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు మరణించెను. శవపరీక్షలో గుండు ఎడమవైపున కనబడినది. యంత్రము అసత్యమాడలేదు. లోహమున్నదనెను, లోహమున్నది. అది ఎక్కడిదో, ఏమిటో నిర్ణయించుటలో మనుష్యులు పొరపడిరి.

తరువాత రెండవ ప్రపంచయుద్ధములో యూసెఫ్ కొసాట్‌స్కీ అను పోలండు దేశపు సైన్యాధికారి చేతబట్టి నడువదగిన శోధకమును రూపొందించెను. 1942లో ఎల్ ఎలమీన్ యుద్ధమున ఎడారి యిసుకలో శత్రువులు పాతిన మందుపాతరలను కనుగొనుటకు అది తోడ్పడెను. యుద్ధము ముగిసిన పిదప ఇట్టి యంత్రములు సామాన్యుల చేతికి వచ్చినవి. మందుపాతరను వెదకిన యంత్రమే నాణెమును వెదక నారంభించెను.

ఇక దాని పని వినుడు. యంత్రపు కొననున్న తీగచుట్టలో విద్యుత్తు సెకనునకు వేలమార్లు దిశ మార్చుకొనుచు పారును. అందువలన నేలలోనికి అయస్కాంత ప్రభావము ప్రసరించును. అది లోహమును సోకినపుడు ఆ లోహములో చిన్న విద్యుత్సుడులు పుట్టి మారు ప్రభావమును పంపును. ఆ మారుపలుకు వచ్చిన తీరును, అందలి ఆలస్యమును కొలిచి యంత్రము ఒక అంకెను చూపును. దానికి తగిన నాదమును చేయును. అనేక యంత్రములలో ఆ అంకె సున్న మొదలు 99 లోపల నుండును. ఇనుపమేకునకు సాధారణముగా చిన్న అంకె, మందమైన వెండి రాగి నాణెములకు పెద్ద అంకె, రేకు కాగితమునకును సన్నని బంగారు ఉంగరమునకును నడిమి అంకెలు వచ్చును.

ఇంతవరకు సులభముగనే తోచును. చిక్కు ఇక్కడనే యున్నది. ఆ అంకె లోహపు జాతిని మాత్రమే చెప్పునది కాదు. పరిమాణము, మందము, ఆకారము అన్నియు అందులో కలిసిపోవును. అమెరికా దేశపు అయిదు సెంట్ల నాణెమును, పానీయపు డబ్బా మూతను తెరచెడి ఉంగరపు రేకును ఇంచుమించు ఒకే అంకెను చూపును. ఆ రేకులను రోసి ఆ అంకెను విడిచినవాడు బంగారు ఉంగరములను కూడ విడిచినవాడగును. తుప్పుపట్టిన గుర్రపు లాడము ఒక్కొకప్పుడు వెండివలె పలుకును. ప్రక్కన మేకున్నను, లోతున నున్నను మంచి నాణెమే తక్కువ అంకెతో పలుకవచ్చును.

మన తార్కికులు ఈ చిక్కును ఏనాడో విప్పి చెప్పిరి. పొగ యున్నచోట నిప్పుండును. నిప్పున్న చోటనెల్ల పొగ యుండవలెనను నియమము లేదు. ఎర్రగా కాలిన ఇనుపగుండునందు నిప్పు కలదు, పొగ లేదు. అట్లే వెండి నాణెమున్నచో పెద్ద అంకె రావచ్చును గాని, పెద్ద అంకె వచ్చినంతనే వెండి నాణెమనుట తలక్రిందు తర్కము. అనుభవజ్ఞులు అందుచేతనే ఒక్క అంకెను నమ్మరు. ఒక దిశను యంత్రమును సాగించి, పిమ్మట దానికి అడ్డముగా సాగింతురు. నాణెము గుండ్రనిది గనుక రెండు దిశలను నిలుకడగా పలుకును. మేకు పొడవైనది గనుక తరచుగా ఒక దిశను పలికి మరియొక దిశను తడబడును. ఒకే సాక్షిని రెండుమార్లు వేర్వేరు వైపులనుండి ప్రశ్నించుట వంటిదిది. ఇంత చేసినను అది అనుమానమే. కంటబడిన పిదపనే ప్రత్యక్షము.

కంటబడిన పిదప నేమి చేయవలెనో ఇంగ్లండులోని హాక్స్నె గ్రామపు కథ చెప్పును. 1992 నవంబరు 16వ తేదీన ఒక రైతు పొలములో పోయిన తన సుత్తెకొరకు మిత్రుని పిలిచెను. ఆ మిత్రుడు యంత్రముతో వెదకగా సుత్తెకు మారుగా బంగారు వెండి నాణెములు బయటపడినవి. ఆయన కొంత తీసి, ఇంకను చాల ఉన్నదని గ్రహించి, త్రవ్వుట మానివేసి అధికారులకు కబురంపెను. మరునాడు పురాతత్త్వజ్ఞులు వచ్చి మిగిలిన దానిని క్రమముగా తీసిరి. మొత్తము 14,865 రోమను నాణెములు లభించినవి. అవి ఓకు కర్రపెట్టెలో నుండినట్లును, కొన్ని వస్తువులను గుడ్డలలోను గడ్డిలోను చుట్టిపెట్టినట్లును తెలిసినది. కడపటి నాణెములను బట్టి ఆ ధనమును 407వ సంవత్సరమునకు పిమ్మట, బ్రిటనులో రోమనుల ప్రభుత్వము అంతరించు కాలమున, పాతిరని నిర్ణయించిరి. తొందరపడి పారతో తిరుగవేసి యుండినచో నాణెములు మిగిలెడివి, కథ నశించెడిది. కనుగొన్నవానికి 17 లక్షల 50 వేల పౌనుల బహుమానము ముట్టినది. ఆయన దానిని రైతుతో పంచుకొనెను. రైతు సుత్తెయు దొరకినది. అదియు నేడు బ్రిటిష్ మ్యూజియములోనే యున్నది.

ఈ కథతో మనకేమి పని యందురా? గోదావరి తీరమున కోటిలింగాలలో దొరకిన నాణెముల వలననే గోబద, నారన, సమగోప అను రాజుల పేర్లు మనకు తెలిసినవి. కంసాలి త్రాసులో విలువలేని నాణెము చరిత్రకారుని చేతిలో ఒక రాజ్యమగును. పునాది త్రవ్వునపుడో, దుక్కి దున్నునపుడో మీ ఊరివారికి నాణెముల కుండ దొరకవచ్చును. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపము దొరకినపుడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టము శాసించుచున్నది. శాసనభయము మాట యటుంచి, కుండను కదల్పక, నాణెములను తోమక, పంచుకొనక నిలుపు పెద్దమనిషి ఒకడు ఆ చోట నుండవలెను. యంత్రము లోహమున్నదని మాత్రమే చెప్పగలదు. చేతిని ఆపుమని చెప్పవలసినవారు మీవంటి పెద్దలే.