గోదావరి గట్టున అరణ్యకాండ

కాశ్మీర లోయలో నీలమత పురాణానికి ఉన్న స్థానమే పాల్వంచ దాటాక మొదలయ్యే గోదావరి మన్యంలో రామకథకు ఉంది. 6–8 శతాబ్దాల మధ్య రూపుదిద్దుకొన్నదని పండితులు భావించే నీలమతం, సతీసరస్సు అనే మహాజలాశయం ఖాళీ అయి లోయ ఏర్పడిన వృత్తాంతాన్ని, ఊటలను కాచే నాగదేవతలను, తీర్థాలను, పండుగలను ఒక్కచోట కూర్చగా, 12వ శతాబ్దిలో కల్హణుడు రాజతరంగిణి రచనకు దానిని ఒక ఆధారంగా స్వీకరించాడు. గోదావరి తీరంలో ఆ పని వాల్మీకి అరణ్యకాండ, దానికి తోడు భద్రాచల స్థలపురాణం, అనగా క్షేత్రం పుట్టుకను, మహిమను తెలిపే కథనం, కలిసి చేశాయి.

మేరువు కుమారుడైన భద్రుడు తపస్సు చేసి కొండగా నిలిచాడనీ, అతని కోసం విష్ణువు శంఖచక్రాలు ధరించిన చతుర్భుజ రాముడై, ఎడమ తొడపై సీతతో వెలిశాడనీ స్థలపురాణం చెబుతుంది. దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల వద్ద వాగులోని రంగురాళ్ళు సీత పసుపు కుంకుమల జాడలు. బండపై చారలు ఆమె ఆరవేసిన నారచీర గుర్తులు. ఏటపాక జటాయువు రావణుణ్ణి అడ్డగించిన చోటు. ఇసుక తవ్వితే వేడినీరు ఊరే గుండాల గ్రామానికీ ఒక కథ ఉంది. పర్ణశాలే అరణ్యకాండలోని పంచవటి అని ఇక్కడివారు అంటే, అది తమదేనని మహారాష్ట్రలోని నాసిక్ కూడా చెప్పుకొంటుంది. ఈ వాదాన్ని తవ్వకాలు తేల్చలేవు, తేల్చవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే ఇక్కడ విలువైన చరిత్ర, రాతి రంగునూ నీటి వేడినీ సైతం కథలో భాగంగా చదువుకొన్న జనసమూహాలదే.

ఆ జనంలో మొదటి పేరు పోకల దమ్మక్కది. పుట్టలో విగ్రహాలను కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యం పెట్టినది భద్రిరెడ్డిపాలేనికి చెందిన ఈ ఆదివాసి స్త్రీయే అని సంప్రదాయం చెబుతున్నందువల్ల, ఈ క్షేత్రగాథను సంస్కృత గ్రంథాల సంతతిగా మాత్రమే చూడటం అన్యాయం.

పాల్వంచ పాత్ర 17వ శతాబ్దిలో వస్తుంది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు, అంటే పన్ను వసూలు కోసం ఏర్పరచిన గ్రామసముదాయానికి, తహసీలుదారుగా వచ్చిన నేలకొండపల్లి కంచెర్ల గోపన్న వసూలైన సొమ్ముతో భద్రాచలంలో ఆలయం కట్టించి, గోల్కొండ చెరసాలలో సుమారు పన్నెండేళ్ళు గడిపాడని ప్రతీతి. మన్యపు రైతు చెల్లించిన శిస్తే ఆ గోపురాలకు పెట్టుబడి అయింది. శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని తానీషా కాలానికే ముడిపెడతారు.

2014 రాష్ట్ర విభజనలో భద్రాచలం, పర్ణశాల తెలంగాణలో ఉండగా, ఏటపాక, గుండాల, ఆలయ భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016లో ఏర్పడిన కొత్త జిల్లా మాత్రం భద్రుని కొండ పేరునే ముందు పెట్టుకొని భద్రాద్రి కొత్తగూడెం అయింది.