పంది ఎముకలు అమ్మినవాడి నీతికథ

లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణాన సదర్క్ అనే పేట ఉంది. ఒకప్పుడు అక్కడ టాబర్డ్ అని ఒక సత్రం ఉండేది. 1873లో దాన్ని పడగొట్టారు. ఇప్పుడు సందులో గోడ మీద ఒక ఫలకం మాత్రం మిగిలింది. మన వైపు నుంచి ఎవరొచ్చినా పనిగట్టుకుని తీసుకెళ్లి చూపిస్తాను. 'ఇదా?' అన్నట్టు చూస్తారు. చూడాల్సింది గోడ కాదు, అక్కడ మొదలైన కథ.

1170లో కాంటర్బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను రెండో హెన్రీ రాజు మనుషులు చర్చిలోనే నరికి చంపారు. మూడేళ్లు తిరక్కుండానే పోపు ఆయన్ని సెయింటుగా ప్రకటించాడు. ఇక జబ్బు నయమైనవాళ్లూ మొక్కుకున్నవాళ్లూ, తిరుమలకు మనవాళ్లు బయల్దేరినట్టు, గుంపులుగా కాంటర్బరీలోని ఆయన సమాధికి నడిచారు. 1387 ప్రాంతంలో జెఫ్రీ చాసర్ అలాంటి ఒక గుంపును టాబర్డ్ సత్రంలో దించి, వాళ్లందరి చేతా దారిపొడుగునా కథలు చెప్పించాడు. మంచి కథ చెప్పినవాడికి తిరిగొచ్చాక మిగతావాళ్ల ఖర్చుతో భోజనం. అదీ పందెం.

ఆ గుంపులో నన్ను వదలనివాడు పార్డనర్. పాపాలకు క్షమాపణ పత్రాలు పంచి, చర్చి పేరు మీద చందాలు దండుకోవడం అతని వృత్తి. దిండు గలీబు చూపించి మేరీమాత మేలిముసుగంటాడు. గాజు పాత్రలో పంది ఎముకలు పెట్టి, పవిత్ర అవశేషాలని పల్లెల్లో డబ్బు గుంజుతాడు. ఏడాదికి వంద మార్కులు, అంటే దాదాపు 66 పౌన్లు సంపాదిస్తానని తనే గొప్పలు పోతాడు. లండన్ రేవులో సుంకం లెక్కలు చూసినందుకు చాసర్‌కు ఏడాదికి ముట్టిన జీతం పది పౌన్లు. ఆ వంద మార్కుల అంకె రాస్తున్నప్పుడు చాసర్ పెదవి విరిచే ఉంటాడు.

అన్ని పాపాలకూ డబ్బాశే మూలమని ఎక్కడికెళ్లినా ఈ పార్డనర్ ఒకే ప్రసంగం చేస్తాడు. తను ప్రసంగించేది కూడా డబ్బాశతోనేనని నదురూ బెదురూ లేకుండా ఒప్పుకుంటాడు. తర్వాత కథ ఎత్తుకుంటాడు. ప్లేగు రోజులు. ముగ్గురు తాగుబోతులు మృత్యువును వెతికి చంపుతామని బయల్దేరి, ఒక చెట్టు కింద బంగారు నాణేల గుట్ట చూస్తారు. చిన్నవాణ్ని రొట్టె, ద్రాక్షసారా తెమ్మని పంపి, రాగానే పొడిచేద్దామని మిగతా ఇద్దరూ అనుకుంటారు. వాడు ఆ సారాలో విషం కలిపి తెస్తాడు. ముగ్గురూ చస్తారు.

ఎక్కడా సడలని కథ. ఎందుకంటే చెప్పేవాడికి ఆ ముగ్గురి బుర్రలూ తెలుసు, తనదీ అదే బుర్ర. 1348లో ఇంగ్లండ్‌కు వచ్చిన ప్లేగు జనాభాలో మూడో వంతుకు తక్కువ కాకుండా మింగింది. పాపం కడుక్కోకుండానే పోతామేమోనన్న ఆ భయమే అతని పెట్టుబడి. అందుకే కథలో మృత్యువు అంత దగ్గరగా తిరుగుతుంది.

ఈ కథకు పాత రూపం మన దగ్గరే, బౌద్ధుల వేదబ్బ జాతకంలో ఉంది. అక్కడ ధనం కోసం కొట్టుకుచచ్చిన దొంగల్లో చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకడు కత్తి పట్టుకుని కాపలా కూర్చుంటాడు, ఇంకొకడు అన్నంలో విషం కలుపుతాడు. అయితే అది మాట వినని ఒక భిక్షువు గురించి బుద్ధుడు చెప్పిన కథ. చివర్లో బోధిసత్త్వుడు ఆ ధనం తీసుకెళ్లి దానధర్మాలకు ఖర్చుపెడతాడు. పార్డనర్ కథలో దానం చేసే చెయ్యి ఒక్కటీ లేదు. అతని ఊహకు అది అందదు.

కథ ముగించి ఊపిరైనా తీసుకోకుండా, గుట్టంతా తనే విప్పి చెప్పిన ఆ గుంపుకే, రండి, ఈ ఎముకలు ముద్దుపెట్టుకుని డబ్బులివ్వండి అంటాడు. ముందు వాళ్లతోపాటే బయల్దేరిన సత్రం యజమానినే పిలుస్తాడు. ఆయన బూతులు లంకించుకుంటాడు. అంత వాగుడుకాయకీ నోట మాట రాదు. చివరికి ఒక నైట్, అంటే గౌరవనీయుడైన యోధుడు, ఇద్దరికీ రాజీ కుదురుస్తాడు.

చాసర్ ఇంగ్లిష్ ఇక్కడివాళ్లకే కొరుకుడు పడదు. నేటి ఇంగ్లిష్‌లోకి మార్చిన పుస్తకాలు దొరుకుతాయి, వాటిలో చదవండి. కథ ఒక్కటే ఏరిన పిల్లల సంకలనాలు మాత్రం కొనకండి. పార్డనర్ తన గురించి తాను చెప్పుకునే ముందు భాగం వాటిలో ఉండదు.